నోరా గారి నక్షత్రం కుట్టడానికి కిల్కెన్నీ దాకా

ఐర్లండ్‌లో టాలట్ నుంచి కిల్కెన్నీ వెళ్ళి ఒక్క రోజులో తిరిగి రావచ్చా అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రావచ్చు. ఒళ్ళు మాత్రం హూనమవుతుంది. నేను వెళ్ళింది అక్కడి కోట చూడటానికి కాదు. మా పక్కింటి నోరా గారి చెయ్యి నా మూలంగా విరిగింది. ఆ చేత్తో ఆవిడ చేయాల్సిన కుట్టుపని ఒకటి మిగిలిపోయింది. అది చేసిపెట్టడానికి వెళ్ళాను.

మాది తెనాలి దగ్గర పల్లె. ఐదో తరగతి దాకా చదివాను. ముప్పై ఏళ్ళు టెంట్ హౌస్‌లో శామియానాలు కుట్టాను. మా అమ్మాయి సుజాత ఇంటికి మూడు నెలల వీసా మీద వచ్చాను. పొద్దున్నే గుమ్మం ముందు నీళ్ళు చల్లకపోతే నాకు రోజు మొదలైనట్టుండదు. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు వచ్చినప్పటి నుంచీ ఆ పని నాదే. జనవరిలో ఒక శుక్రవారం అలాగే చెంబెడు నీళ్ళు పోసి మెట్టు కడిగాను. బయట గడ్డకట్టే చలి. కాసేపటికే ఆ నీళ్ళు అద్దంలా గట్టిపడ్డాయి. నోరా గారు మాకోసం రొట్టె చేసి పట్టుకొస్తూ ఆ మెట్టు మీద జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. రాత్రి కురిసిన మంచు అనుకున్నారావిడ. అందరూ అదే అనుకున్నారు. సుజాతకు ఒక్కదానికే తెలుసు.

"నాన్నా, ఎవరితోనూ అనకు. ఇక్కడ ఇన్సూరెన్సులంటారు, లాయర్లంటారు. మనది అద్దె కొంప. లీజు మళ్ళీ రాయించుకోవాలి" అంది. నేను అనలేదు. నెల్లాళ్ళు నోరు మూసుకున్నాను. రోజూ కిటికీలోంచి ఆవిడ ఎడమ చేత్తో చెత్తడబ్బా ఈడ్చుకెళ్ళడం చూస్తూనే ఉన్నాను.

ఒకరోజు ఆవిడ బిస్కెట్ల డబ్బా తెచ్చి సుజాత ముందు పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. డబ్బా నిండా రంగురంగుల గుడ్డముక్కలు. నోరా గారిది కిల్కెన్నీ. అక్కడ ఆవిడకు కుట్టుపని నేర్పిన పంతులమ్మకు ఇప్పుడు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆదివారం నాడు ఆమెను వృద్ధాశ్రమంలో చేరుస్తున్నారట. పన్నెండు మంది శిష్యురాళ్ళు తలా ఒక నక్షత్రం కుట్టి, శనివారం అక్కడి హాల్లో కూడి అన్నీ కలిపి బొంత చేసి ఇస్తారట. కుట్టుమిషన్లూ అక్కడే ఉన్నాయట. పదకొండు తయారు. నోరా గారిది లేదు. వేరేవాళ్ళు కుట్టిపెడతామన్నా నోరా గారు ఒప్పుకోలేదు. తన డబ్బాలోంచి, తన కళ్ళముందే కుట్టాలన్నారు. నేను చెయ్యెత్తి "ఐ స్టిచ్" అన్నాను. ఆవిడతో నేను మాట్లాడిన మొదటి ఇంగ్లీషు ముక్క అదే.

శనివారం ఏడున్నరకు బయల్దేరాం. చలికి మోకాళ్ళు పట్టేశాయి. సుజాత నా చేతికి పెరుగన్నం డబ్బా ఇచ్చి గుమ్మంలోనే ఆపింది. "కుట్టిరా. అంతే. ఆ సంగతి ఎత్తకు నాన్నా." నేను తలూపాను. వచ్చేవారం నా తిరుగు ప్రయాణం. ఇవాళ చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని నాకు తెలుసు.

టాలట్‌లో లూవాస్ అనే ట్రాము, ఎర్ర లైను ఎక్కితే హ్యూస్టన్ స్టేషన్‌కు ముప్పావుగంట లోపే. కార్డు గీకితే రెండు యూరోలు మించదు. అక్కడ కిల్కెన్నీ రైలు పట్టుకోవాలి. గంటన్నర ప్రయాణం. అరవై ఆరేళ్ళు దాటిన ఇక్కడివాళ్ళకు ఉచిత పాసు ఉంటుంది, నోరా గారికి ఉంది. చూడటానికి వచ్చిన నాలాంటివాళ్ళకు ఉండదు. టికెట్టు ముందే నెట్‌లో కొంటే తక్కువకొస్తుంది, సుజాత కొన్నది. రైల్లో నోరా గారు మాట్లాడుతూనే ఉన్నారు. నాకు సగం మాటలు అర్థమవుతాయి, తక్కిన సగం మొహం చూసి తెలుసుకుంటాను. ఆ రోజు ఆవిడ తిట్టింది కౌన్సిల్ వాళ్ళను, అంటే మన మునిసిపాలిటీ లాంటివాళ్ళను. చలికాలంలో మంచు కరగడానికి వీధిలో ఉప్పు చల్లలేదు కాబట్టే తను పడ్డానని. నేను కిటికీలోంచి గొర్రెల్ని చూస్తూ కూర్చున్నాను. పొలాలు పచ్చగానే ఉన్నాయి. నాకే ఏదీ ఎక్కలేదు.

కిల్కెన్నీలో దిగేసరికి సన్నటి వాన. హాలు పదిహేను నిమిషాల నడక, కానీ ఆవిడ చేతికి కట్టు, నాకు మోకాళ్ళు. టాక్సీ ఎక్కాం. డ్రైవరు అద్దంలో నన్ను చూసి, "అంకుల్, తెలుగేనా?" అన్నాడు. కరీంనగర్ మనిషి. నలభై ఐదేళ్ళుంటాయి. ఈ దేశంలో బయట తెలుగు వినబడితే పెరుగన్నం తిన్నట్టు ఉంటుంది. నోరా గారు ఫోన్‌లో ఉన్నారు. నేను ముందుకు వంగి మెల్లిగా అడిగాను.

"బాబూ, తప్పు నాదే అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి?"

"మై ఫాల్ట్ అను, సాలు. ఏం జేసినవ్ కాకా?"

"ఏదో అయ్యిందిలే."

"గీ ముసలమ్మకేనా? భయపడకు. ఈడోళ్ళ కాలు ఎవడన్నా తొక్కితె, తొక్కిచ్చుకున్నోడే సారీ అంటడు. నువ్వొక్కటి చెప్తె ఏం గాదు."

దిగేటప్పుడు చిల్లర ఉంచుకోమంటే వద్దన్నాడు. ఆ రెండు మాటలూ నాలుక మీద పెట్టుకుని హాల్లోకి వెళ్ళాను.

పదిమంది పైగా ఆడవాళ్ళు. కాథ్లీన్ అనే పెద్దావిడ వాళ్ళకు మేస్త్రి. నాకో కుర్చీ, కరెంటు మిషను చూపించింది. నక్షత్రం లెక్క తేలికే. మధ్యలో పెద్ద చదరం, చుట్టూ ఎనిమిది మొనలు, నాలుగు మూలలకూ నాలుగు చిన్న చదరాలు. మొత్తం అటూ ఇటూ పన్నెండున్నర అంగుళాలు రావాలి. ముక్కలు చెయ్యి విరగకముందే నోరా గారు కత్తిరించి పెట్టుకున్నారు. పాత కర్టెను, వాళ్ళాయన చొక్కా, ఎవరిదో స్కూలు గౌను. మొనలకు పెట్టిన పసుపుపచ్చ గుడ్డ ఎక్కడో చూసినట్టుంది. మేం ఊరి నుంచి పంపితే, శ్రావణమాసంలో సుజాత ఆవిడకు బొట్టుపెట్టి ఇచ్చిన జాకెట్టు ముక్క. ఏం చేసుకోవాలో తెలియక ముక్కలు చేసి దాచారట.

పన్నెండు కాకముందే మొదలుపెట్టాను. మా ఊళ్ళో కాలితో తొక్కే మిషను. ఇది వేలు ఆనితే పరుగెడుతుంది. తల వంచుకుని కుట్టుకుపోయాను. రెండు గంటలకు నక్షత్రం బల్ల మీద పెట్టాను. కాథ్లీన్ టేపు పెట్టి కొలిచింది. మళ్ళీ కొలిచింది. అటూ ఇటూ అంగుళం తక్కువ. మొనలన్నీ కుట్టులోకి పోయి మొద్దుబారాయి. తిరగేసి చూసి, ప్రతి అతుకూ ఇంత లావుగా ఎందుకుందని అడిగింది.

శామియానా అతుకును ఒక్క కుట్టుతో వదలం. గుడ్డ మడిచి, దాని మీద ఇంకో కుట్టు వేస్తాం. లేకపోతే పెళ్ళి మధ్యలో వాన నీళ్ళు అన్నాల మీదకు దిగుతాయి. ముప్పై ఏళ్ళు అదే చేశాను, ఇక్కడా చేతులు అదే చేశాయి. చెప్పడానికి మాటలు లేవు. వేళ్ళతో వాన కురిపించి చూపించి, అరచేయి అడ్డం పెట్టాను. కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత హాలంతా నవ్వింది.

"ఐర్లండ్‌లో వానకు ఆగే బొంత కుట్టాలని ఇన్నేళ్ళూ మాకెవరికీ తోచలేదు చూడండి!" అన్నారు నోరా గారు. నవ్వుతూనే అన్నారు. కళ్ళు మాత్రం గడియారం మీదున్నాయి. నాలుగింటికి అన్నీ కలిపి కుట్టేయాలి.

చుట్టూ ఒక పట్టీ అతికిస్తే సరిపోతుందంది కాథ్లీన్. మొనలు మొద్దుగా ఉన్నా ముసలి పంతులమ్మ కళ్ళకు ఆనవంది. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. మా పనిలో అతుకు లోపలి గుడ్డ కత్తిరించం, మడుస్తాం అంతే. ఉన్న గుడ్డంతా లోపలే ఉంది. కుట్లు విప్పే చిన్న కొక్కెం తీసుకుని మొదటి కుట్టు నుంచీ విప్పడం మొదలుపెట్టాను. మెడ లాగేసింది. కళ్ళు మసకబారాయి. పెరుగన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. నోరా గారు పక్కన కూర్చుని ఎడమ చేత్తో దారప్పోగులు ఏరారు.

పావు అంగుళం కుట్టుతో, మడత లేకుండా మళ్ళీ కుట్టాను. నాలుగుకు పది నిమిషాలుందనగా ఇస్త్రీ చేసి ఇచ్చాను. పన్నెండున్నర. పసుపుపచ్చ మొనలు ఎనిమిదీ సూదుల్లా నిలబడ్డాయి. కాథ్లీన్ "గ్రాండ్" అంది. ఇక్కడ అంతకన్నా పెద్దగా మెచ్చుకోరట. బొంతలో అది రెండో వరుసలో పడింది. చుట్టూ ఉన్నవాటికీ దానికీ తేడా తెలియలేదు. అదే కావలసింది.

తిరుగు రైలు ఆరు దాటాక. పెట్టెలో వెచ్చగా ఉంది. ఆవిడ కట్టు చేతిని ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కౌన్సిల్‌ను అందుకున్నారు. నేను చెయ్యెత్తి ఆపాను.

"నో కౌన్సిల్," అన్నాను. చెంబు పట్టుకున్నట్టు చెయ్యి పెట్టి నీళ్ళు పోసి చూపించాను. "స్టెప్. వాటర్. ఐ. మై ఫాల్ట్."

ఆవిడ నా చేతి వంక చూశారు. "రోజూ పోస్తారా?"

"ఎవ్రీ డే."

కార్లో అనే ఊరి స్టేషన్ వచ్చింది, పోయింది. తర్వాత ఆవిడ కిటికీ వైపే చూస్తూ అన్నారు. "కౌన్సిల్‌కు రెండు ఉత్తరాలు రాశాను. రెండోది చాలా ఘాటుగా." ఉన్నట్టుండి నవ్వు వచ్చేసింది ఆవిడకు. నవ్వితే చెయ్యి నొప్పి పుట్టి మొహం చిట్లించారు. "మీకూ నీళ్ళకూ ఏదో పాత పగ ఉందయ్యా. అక్కర్లేని చోట పోస్తారు, అక్కర్లేని చోట ఆపుతారు."

నేను చేతులు జోడించాను.

"కోపం లేదనుకోకండి," అన్నారు. "రేపు వస్తుందేమో. ఇవాళ అలిసిపోయాను." కళ్ళు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను.

ఇంటికొచ్చాక సుజాత నా మొహం చూసి, "చెప్పేశావా?" అంది. చెప్పానన్నాను. ఆవిడ ఏమన్నారో అడిగింది. రేపు తెలుస్తుందన్నాను. ఆదివారం పొద్దున తలుపు తీస్తే, మెట్టు మీద ఉప్పు సంచీ ఉంది. మీద చీటీ ఏమీ లేదు.

ఇక్కడ నేను చూసిన ఊళ్ళు తక్కువ, మాట్లాడిన మాటలు ఇంకా తక్కువ. కిల్కెన్నీలో కోట ఉందట, నది ఉందట, నేను చూసింది ఒక మిషను, ఒక టేపు. అలవాటు చేతిని వదిలి పోదు. మన ఊళ్ళో మంచిదనిపించింది ఇంకో నేల మీద ఒకరి చెయ్యి విరగ్గొడుతుంది. విప్పి మళ్ళీ కుట్టుకునే ఓపిక ఉంటే చాలు, కుట్టులోపల గుడ్డ ఉంటుంది. నాకు ఆ ఓపిక అయిపోవచ్చింది. ఆ శనివారానికి మాత్రం సరిపోయింది. చలికాలంలో ఇక్కడికి వచ్చే పెద్దవాళ్ళకు నేను చెప్పగలిగేది ఒక్కటే. పొద్దున్నే గుమ్మం ముందు నీళ్ళు చల్లకండి. ఉప్పు చల్లండి.