అత్తగారు ఎంచిన ఫ్రిజ్

మా అత్తగారు పోయిన వారం వెళ్లిపోయారు. తొంభై దాటిన మనిషి. పొద్దున్నే కాఫీ తాగి, మంచం మీద అలా ఒరిగి, మరి లేవలేదు. పలాస స్టేషన్ ఎదురుగా మా ఓటల్లో ఎప్పుడైనా భోంచేసిన వాళ్లు ఆవిడను మరిచిపోయి ఉండరు. వాళ్ల కోసమే ఈ నాలుగు మాటలు.

అరవైల చివర్లో నేను కోడలిగా వచ్చేసరికి ఓటలు కష్టంలో ఉంది. ఎండాకాలంలో రాత్రి తోడుపెట్టిన పెరుగు మధ్యాహ్నానికే పులిసిపోయేది. జీడిపప్పు వ్యాపారులు ఒక ముద్ద నోట పెట్టుకుని, ముఖం చిట్లించి లేచిపోయేవారు. రోజూ విస్తర్లు వేసేముందు అత్తగారు చిటికెన వేలితో పెరుగు రుచి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయేవారు. మావగారు విసిగిపోయి, ఓటలు మూసేసి వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోట చూసుకుందామన్నారు.

"వంట బాగానే ఉంది కదండీ. పెరుగుకే ఏదో దారి సూడాలి. ఫ్రిజ్ కొందాం" అన్నారావిడ.

ముగ్గురం విశాఖపట్నం వెళ్లాం. షాపులో మావగారి కళ్లు తెల్లగా మెరిసే కొత్త ఫ్రిజ్ మీద పడ్డాయి. ఒకటే పెద్ద తలుపు, వెండిలాంటి పిడి. మూలన ఇంకోటుంది, మూతపడిన ఏదో హోటల్ నుంచి వచ్చిందట. చెక్క బీరువాలా ఉంది. నాలుగు చిన్న తలుపులు, అడుగున గుర్రుమనే పెద్ద మోటారు.

"అది పాతదమ్మా. ఇళ్లకి అందరూ ఈ తెల్లదే తీసుకెళ్తున్నారు" అన్నాడు షాపతను.

"ఇంటిక్కాదు బాబూ, ఓటలికి. మా సర్వర్లు తలుపు తీసి ఒగ్గేత్తారు. రెండూ ఆన్ చేసి ఉంచు, కూకుని సూత్తాను."

పక్క హోటల్ నుంచి పెరుగు తెప్పించి, రెండు గిన్నెల్లో పోసి, ఒక్కో ఫ్రిజ్‌లో ఒకటి పెట్టారు. స్టూలు వేయించుకుని కూర్చున్నారు. కాసేపటికోసారి లేచి, తెల్లదాని తలుపూ, పాతదాంట్లో ఒక తలుపూ తీయడం, కొంతసేపు అలాగే వదిలేయడం, మళ్లీ వేయడం. మావగారు సిగ్గుపడి వీధిలోకి వెళ్లి నిలబడ్డారు. మధ్యాహ్నం దాటాక అత్తగారు రెండు గిన్నెలూ తెచ్చి నా చేతుల్లో పెట్టారు.

"ఏది సల్లగుందో సెప్పవే పిల్లా."

తెల్లదాంట్లోది చల్లదనం వదిలేసింది. పాతదాంట్లోది పట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. అదే చెప్పాను. ఆ ఇంట్లో నా మాట మీద ఒక నిర్ణయం జరగడం అదే మొదలు.

"పాత సామాను తెచ్చుకున్నామని ఊళ్లో నవ్వుతారే" అన్నారు మావగారు.

"నవ్వనీండి. తిన్నాక ఏటంటారో, అదే నాక్కావాలి."

నిజంగానే నవ్వారు. ఆ ఏడు రోహిణి కార్తె దాకా నవ్వారు.

ఆ ఎండల్లో ఓ మధ్యాహ్నం, ముందు దారి బాగాలేదని ఒక రైలు పలాసలో నిలిచిపోయింది. స్టేషన్లో కుళాయి ఎండిపోయింది. పెట్టెల్లో పిల్లలు ఏడుస్తున్నారు. సరిగ్గా అప్పుడే ఊరంతా కరెంటు పోయింది. అత్తగారు ఫ్రిజ్‌కి అడ్డంగా నిలబడి సర్వర్లను గదిమారు.

"ఒక్క తలుపే తియ్యండి! అందులోది అయిపోతేనే రెండోది!"

మా నూతి నీళ్లు పోసి, అల్లం, ఉప్పు, కరివేపాకు వేసి, బకెట్లకొద్దీ మజ్జిగ చిలికాం. ఆవిడే గరిటె పట్టుకుని పెట్టెపెట్టెకీ నడిచారు. ఒక ఒడియా ముసలాయన గ్లాసు నుదుటికి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. నాలుగో తలుపు తీసేసరికి కూడా లోపలి పెరుగు చల్లగానే ఉంది. మావగారు రెండు చేతుల్లో రెండు బకెట్లతో పరుగెడుతూ, "మా ఆవిడ ఎంచిన ఫ్రిజ్ బాబూ!" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పారు.

తర్వాత వ్యాపారులు తిరిగొచ్చారు. చుట్టుపక్కల పెళ్లిళ్లకు పెరుగు మా దగ్గర్నుంచే వెళ్లింది. ఓటలు మూసే మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు. అత్తగారి దగ్గర ఇంకెన్నో నేర్చుకున్నాను గానీ, ఆవిడను తలుచుకుంటే మాత్రం ఆ సాయంత్రమే కళ్ల ముందుకొస్తుంది. రైలు కదిలింది. ప్రతి కిటికీలోంచీ చేతులు ఊగుతున్నాయి. కొంగు నడుముకి బిగించి, ప్లాట్‌ఫారం చివర నిలబడి, చుక్కలు కారుతున్న గరిటెను పైకెత్తి, ఆఖరి పెట్టె కనుమరుగయ్యేదాకా ఆవిడ ఊపుతూనే ఉన్నారు.