భర్త సంతకం అక్కర్లేని కాగితం

దుబాసీ కోసం ఫోన్ పట్టుకుని ఎదురుచూసేటప్పుడు ఒక పియానో బాణీ వినిపిస్తుంది. అరనిమిషానికోసారి అది మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు నేను పనిచేసే ఐర్లాండ్‌లోని లిమరిక్ క్లినిక్‌లోనూ అదే బాణీ. నిన్న అది వింటూ పెన్ను కింద పెట్టేసినట్టున్నాను. "ఆర్ యూ గ్రాండ్, డాక్టర్?" అని నర్సు అడిగింది, బాగానే ఉన్నావా అని ఇక్కడివాళ్లు అడిగే తీరులో. గ్రాండ్ అన్నాను. నిజానికి నెస్రిన్ గుర్తొచ్చింది.

నెస్రిన్ టర్కీలో చదివి, ఐర్లాండ్‌లో ఇరవై ఏళ్లకు పైగా కాన్పులు చేసిన వైద్యురాలు. కోవిడ్ వచ్చిన ఏడాది ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఆమె కింద చేరాను. వరంగల్ అలవాటు కొద్దీ మేడమ్ అని పిలిచేదాన్ని. "మేడమ్ అంటే మా అత్తగారు గుర్తొస్తుంది, మానెయ్" అనేది. మానలేకపోయాను. అరబ్బు దేశాల ఆడవాళ్లు వస్తే వార్డువాళ్లు ఆమె కోసం పరిగెత్తేవారు. "నాకు అరబ్బీ రాదని ఎన్నిసార్లు చెప్పాలి? మలయాళీ పేషెంటు వస్తే నిన్ను పిలుస్తున్నారా?" అని విసుక్కుంది ఒకసారి. "పిలుస్తున్నారు మేడమ్" అన్నాను. మాస్కు జారిపోయేంత నవ్వింది.

ఆ రోజుల్లో భర్తలను వార్డులోకి రానిచ్చేవారు కాదు. కార్ పార్కులో కూర్చుని ఫోన్లు చేసేవారు. అది క్రూరమైన నియమమని నెస్రిన్ కూడా తిట్టింది. కానీ ఒక సంగతి ఆమే నాకు చూపించింది. "ఇన్నేళ్లూ నేను అడిగిన ప్రశ్నకు జవాబు పక్కనున్న మగవాడు చెప్పేవాడు. ఇప్పుడు ఆమే చెబుతోంది. ఇలాంటి అవకాశం కోసం ఈ రోగం రావాలని ఎవరూ కోరుకోరు. వచ్చింది కాబట్టి, ఆమె మాట విందాం."

నేను వినలేదు. రీమా సిరియా నుంచి వచ్చింది. నాలుగు కాన్పులూ సిజేరియన్లే, మర్నాడు ఐదోది. నేను వెళ్లగానే పొట్ట మీద చెయ్యి వేసి, "బేబీ ఫినిష్. టుమారో ఫినిష్" అంది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా చేసేయమని. వివరాలు మాట్లాడాలంటే దుబాసీ కావాలి. నలభై నిమిషాలు పియానో విన్నాక లైను కట్టయింది. ఆమె భర్తకు ఇంగ్లీషు వచ్చు. పైగా మా వరంగల్‌లో ఈ ఆపరేషన్‌కు భర్త సంతకం అడగడం పరిపాటి. చట్టం అడగదు, అలవాటు అడుగుతుంది. కార్ పార్కులో ఉన్న ఆయనకు ఫోన్ చేసి, మీ భార్య ఇలా కోరుతోంది, మీకు సమ్మతమేనా అని అడిగాను.  ఆయన "కాదు" అన్నాడు. ఆ "కాదు" తీసుకెళ్లి నెస్రిన్‌కు అప్పజెప్పాను.

ఆమె అరవలేదు. తలుపు మూసింది. "మా దేశంలో పెళ్లయిన ఆడదానికి ఈ ఆపరేషన్ చెయ్యాలంటే భర్త సమ్మతి కావాలని చట్టంలోనే ఉంది. ఒకామె భర్త జర్మనీలో పనిచేసేవాడు. సంతకం లేదని తిప్పి పంపాను. ఏడాది తిరక్కుండా మళ్లీ కడుపుతో వచ్చింది. నన్ను చూసి తల తిప్పేసుకుంది. నాకు చట్టం ఉంది సాకుగా. నీకేముంది?"

పక్కనే ఉన్న పెద్ద మిడ్‌వైఫ్, ఐరిష్ ఆవిడ, "ఆ పిల్లని మరీ అనకు. ఇక్కడ మాత్రం? ఒకప్పుడు మేం భర్తనే కాదు, చర్చి ఫాదర్ని కూడా అడిగేవాళ్లం" అంది. "అయితే ముగ్గురం సిగ్గుపడదాం. ముందు ఈమె వెళ్లి క్షమాపణ చెబుతుంది" అంది నెస్రిన్.

ఈసారి దుబాసీ దొరికింది. జరిగింది చెప్పాను. రీమా మాటలు ఫోన్లోంచి ఇంకో ఆడగొంతులో వచ్చాయి: "ఆయన్ని అడగమని నీకెవరు చెప్పారు? బిడ్డను చేతికిచ్చాక నేనే చెప్పుకునేదాన్ని, నాకు తెలిసిన తీరులో. ఇప్పుడు పరాయిదాని నోట విన్నాడు." క్షమించమన్నాను. పరవాలేదని ఆమె అనలేదు. నెస్రిన్ మంచం పక్కన కూర్చుని, నీకేం కావాలి అని మొదటి నుంచి అడిగింది. "రేపు కోసేది నన్నే కదా, ఆయన్ని కాదు కదా? రాసుకోండి" అంది రీమా. కాగితం మీద ఒక్క సంతకమే పడింది.

నెస్రిన్, నేను కార్ పార్కుకు వెళ్లేసరికి రీమా భర్త వానలో నిలబడి ఉన్నాడు. "మీరూ ముస్లిమే కదా డాక్టర్, మా పద్ధతులు మీకు తెలుసు" అన్నాడు నెస్రిన్‌తో.

"తెలుసు కాబట్టే, ఆమె ఏం నిర్ణయించుకుందో నేను చెప్పను. నువ్వే అడుగు. అడిగి, విను."

"నాలుగుసార్లు కోశారు. ఇంకా ఏదో చేస్తామంటే నాకు భయం."

"ఆ సంగతి ఆమెకు చెప్పావా?"

అతను చెప్పలేదని ముఖం చూస్తేనే తెలిసింది. మూడు రోజుల తర్వాత బిడ్డను తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఇంట్లో ఆ తర్వాత ఏం జరిగిందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నేను పోగొట్టుకున్నానని నెస్రిన్ అంది.

మరుసటి చలికాలం కోవిడ్‌తోనే నెస్రిన్ పోయింది. అంత్యక్రియలకు పదిమందినే రానిచ్చారు. నేను ఫోన్లో చూశాను. సంతాప సందేశంలో ఎవరో ఆమెను శాంతమూర్తి అని రాశారు. అబద్ధం. ఆమె చివరి నెలదాకా పోట్లాడింది. ఆ మాట ఎవరైనా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

రీమా నన్ను క్షమించలేదు. అది నాతోనే ఉంది, ఉండాలి కూడా. పోయిన నెల ఒక తెలుగమ్మాయి కాపర్-టి కోసం వచ్చింది. ఆమె వెళ్లాక భర్త వెనక్కొచ్చి, "అక్కా, మనోళ్లమే గదా, ఏం చెప్పిందో జర చెప్పు. అమ్మ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంది" అన్నాడు. "ఆమెనే అడుగు తమ్మీ" అన్నాను. వారం తిరక్కుండా, ఆ డాక్టరమ్మ దగ్గరికి పోతే కాపురాలు కూలుతాయని ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. ఆ తర్వాతి సోమవారం ఆ అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కొక్కరినీ విడిగా లోపలికి పిలిచి, తలుపు వేశాను.