అల్లుడుగారి మొద్దుకత్తులు

సాన మేస్త్రికి నచ్చిన మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. పుట్టినా, ఆయన దుకాణం మెట్టెక్కేలోపు ఏదో ఒక వంక దొరక్కపోదు. కత్తిపీట తెచ్చిన ఇల్లాలిని చూసి, "దీంతో కూరలు తరిగావా తల్లీ, రాళ్లు కొట్టావా?" అంటాడు. కత్తెర తెచ్చిన దర్జీని చూసి, "పోయిన జన్మలో ఏం పాపం చేసిందో, నీ చేతిలో పడింది" అంటాడు. ఏదున్నా ముఖం మీదే అనేస్తాడు, ఆ విషయంలో మంచివాడు. వెనకాల అనేవి వేరే ఉంటాయి.

మరి జనం ఎందుకు వస్తారయ్యా అంటే, పని అలాంటిది. సెలూన్‌కీ సైకిల్ షాపుకీ మధ్య ఇరుకు గది. గదిలో గిరగిరా తిరిగే ఒక సాన రాయి, దాని మీద చుక్కచుక్కగా నీళ్లు కారే డబ్బా, గుమ్మానికి మేకులు కొట్టి వేలాడదీసిన తోలు పట్టీ. అంతే. రాయి మీద అంచు తీసి, తోలు మీద నునుపు చేసి, ఆ కత్తిని బొటనవేలి గోటి మీద ఆనిస్తాడు. గోటి మీద జారితే పని కాలేదన్నమాట. అతుక్కుని నిలబడితే అయినట్టు. అలా నిలబడని కత్తిని ఆయన ఒక్కనాడూ గుమ్మం దాటనివ్వలేదు. కానీ "ఆహా, ఏం పదునండీ" అన్నవాడు మాత్రం లేడు. కత్తి తీసుకుంటారు, ఆయన నోటికి జడిసి గబగబా వెళ్లిపోతారు. పక్క సెలూనాయన ఒక్కడే నిలబడి ఆయన మాటలకు పగలబడి నవ్వేవాడు. నవ్వినందుకు వాడికి రేజర్లు ముందు అయ్యేవి.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందయ్యా" అని భార్య బతికున్నన్నాళ్లూ చెప్పింది. "ఊరు మంచిదైతే కదా, నా నోరు మంచిదయ్యేది" అని ఆయన జవాబు. ఆవిడ పోయాక ఆ మాట చెప్పేవాళ్లు కూడా లేకపోయారు. ఆయనకు మిగిలింది ఒక్కగానొక్క కూతురు, ఆదివారం మధ్యాహ్నం ఆమె ఇంట్లో భోజనం. ఆదివారం ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, వారమంతా ఎదురుచూసినట్టు ఎవరికీ తెలియకుండా నింపాదిగా నడిచి వెళ్లేవాడు. ఆయన బతుకులో తీపి అన్నది ఉంటే ఆ పూట ఒక్కటే.

అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ ఇంట్లో ఒక అల్లుడు ఉండేవాడు.

అల్లుడు పళ్ల డాక్టరు దగ్గర కట్టుడు పళ్లు తయారు చేస్తాడు. ఎడమచేతి వేళ్ల మధ్య మైనపు ముద్దను పట్టుకుని, కుడిచేత్తో సన్నటి పనిముట్టు పట్టి ఒక్కొక్క పన్నూ చెక్కుతాడు. తాగడు, అరవడు, భార్యను పల్లెత్తు మాట అనడు. వంక పెట్టడానికి ఏమీ లేకపోవడమే మామగారికి మొదటి బాధ. ఆ బాధ తీర్చడానికే అన్నట్టు ఆ అబ్బాయికి ఒక పిచ్చి ఉంది. టీవీలో ఏళ్ల తరబడి వచ్చిన ఒక సీరియల్, అందులో గ్రహాల మధ్య ఓడల్లో తిరిగే ఒక వీరుడు, ఆ వీరుడి చేతిలో ఒక కత్తి. ఆ కత్తికి అచ్చుగుద్దినట్టు నకళ్లు చేసి అమ్మే కంపెనీ ఉంది. మొదటి భాగంలోది, మూడో భాగంలోది, యుద్ధంలో విరిగాక అతికించింది అంటూ రకరకాలు. అల్లుడు పండగ బట్టలు మానుకుని అవి కొంటాడు. ముందుగది గోడ నిండా అవే. పిడిలో చిన్న బల్బు, నొక్కితే నీలంగా వెలుగుతుంది.

"కత్తికి బల్బెందుకు బాబూ? కరెంటు పోతే యుద్ధం వాయిదా వేస్తాడా?" అన్నాడు మేస్త్రి మొదటిసారి చూసి.

అల్లుడు నవ్వాడు. ఆ కుర్రాడికి వెటకారం ఎక్కదు, అదొక జబ్బు. "కాదండీ మామగారూ, అసలు ఈ కత్తి కథేమిటంటే..."

"కథలెందుకులే, కూర వడ్డించమను."

ఇలా ఎన్ని ఆదివారాలో. అల్లుడు కథ మొదలుపెట్టడం, మామ కంచం ముందుకు జరపడం. ఒక్క కత్తికీ అంచు లేదు. పనిగట్టుకుని అంచును మందం చేసి, గుండ్రంగా నున్నగా అరగదీసి అమ్ముతున్నారు. పదును లేనిది కత్తా? అది ఇనప గరిటె. పగలు దొంగపళ్లు, సాయంత్రం దొంగకత్తులు, వీడి బతుకులో నిజమన్నది ఏదైనా ఉందా అని సెలూనాయనతో అనేవాడు మేస్త్రి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టు, వీధి చివర కుక్కను అదిలించలేనివాడు గ్రహాల మీద యుద్ధాలు చేస్తాడట! అన్నిటికన్నా మేస్త్రికి ఒళ్లు మండేది ఒక చేష్ట. అల్లుడు పని నుంచి రాగానే గోడ మీది నుంచి ఒక కత్తి తీసి, ఎడమ గుప్పిట్లో అంచును బిగించి పట్టుకుని, పిడి నుంచి మొన దాకా సర్రున లాగుతాడు. లాగి, ఖాళీ అరచేయి ముందుకు చాపి, ఎవరికో చూపించినట్టు చూపించి, మళ్లీ తగిలిస్తాడు. "రోజూ అరటిపండు ఒలుస్తున్నాడు మా అల్లుడు" అనేవాడు మేస్త్రి. ఎందుకలా చేస్తావని మాత్రం అడగలేదు. అడిగితే చెప్తాడు కదా, ఆ ప్రమాదం ఒకటి.

ఒక ఆదివారం మేస్త్రి వెళ్లేసరికి ముందుగదిలో అల్లుడి స్నేహితులు ఉన్నారు. అందరిదీ అదే పిచ్చి, అందరి దగ్గరా అవే కత్తులు. పెళ్లి చూపుల్లో కూర్చున్నట్టు ఒళ్లో కత్తులు పెట్టుకుని కూర్చున్నారు. మేస్త్రి గుమ్మంలో నిలబడి గోడ కేసి చూశాడు, వాళ్ల కేసి చూశాడు, పెదవి విరిచాడు.

"ఇన్ని కత్తులున్నాయి, సొరకాయ కోయడానికి ఒక్కటీ పనికిరాదు. పట్టుకున్నవాళ్లూ అంతే."

అల్లుడి ముఖం ఎర్రబడింది, అయినా లేచి మామగారికి కుర్చీ వేశాడు. భోజనం అయ్యాక కూతురు మెట్ల దాకా వచ్చింది. ఆమెకూ తండ్రి ముక్కే, తండ్రి కోపమే.

"నాన్నా, నన్ను ఏమన్నా పడ్డాను. ఆయన్ని నలుగురి ముందు అన్నావు. ఇంకొక్కసారి ఆ కత్తుల గురించి నీ నోట్లోంచి మాట వచ్చిందా, ఈ గుమ్మం ఎక్కకు. నేను నిజంగా అంటున్నాను."

"ఓసి పిచ్చిదానా, సరదాకి..."

"నీ సరదా అమ్మ భరించింది. నేను భరించను."

తర్వాతి ఆదివారం ఆయన వెళ్లలేదు. రమ్మని కబురు వస్తుందనుకున్నాడు, రాలేదు. ఆ తర్వాత ఆదివారం కూడా అంతే. ఉతికిన చొక్కా వేసుకుని దుకాణంలోనే కూర్చుని, హోటల్ నుంచి తెచ్చిన అన్నం తిన్నాడు. సెలూనాయన పలకరిస్తే కసురుకున్నాడు.

అప్పుడు వచ్చింది కూతురు, పాత దుప్పటిలో చుట్టిన కత్తి పట్టుకుని. అల్లుడికి అన్నిటికన్నా ఇష్టమైన కత్తి అది. పిడి వదులైందట.

"ఎవరి చేతిలోనూ పెట్టరు, మామగారే బిగించాలన్నారు. నువ్వు అన్ని మాటలన్నాక కూడా! పిడి బిగించు, ఆదివారం తీసుకురా. దాని గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా ఆయన చేతిలో పెట్టు. మంచీ వద్దు, చెడ్డా వద్దు. అది చేయగలిగితే ఎప్పట్లా వస్తూ ఉండు."

నోట్లో నువ్వుగింజ నానని మనిషికి ఎంత శిక్ష! అయినా ఒప్పుకున్నాడు.

పిడి బిగించడం ఎంతసేపు? కత్తిని సాన పక్కన పెట్టి, మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. రాయి అంచున కొంచెం ఆనించి రవ్వలు చూశాడు. ఓరి వీళ్ల దుంపతెగ! లోపల ఉక్కు మంచిది, ఎవడో దద్దమ్మ దీని అంచు చంపేశాడు. నిజానికి ఆ నిమిషంలో ఆయనకు అల్లుడి మీద జాలి కలిగింది. పాపం, మంచి ఉక్కు ఇంట్లో పెట్టుకుని దాని విలువ తెలియక అరటిపండు ఒలుచుకుంటున్నాడు. నోటితో క్షమించమని అడగడం ఆయనకు రాదు. చేతనైంది ఒకటే, అది చేద్దామనుకున్నాడు. ఎలాగూ మాట్లాడొద్దన్నారు, మాట్లాడకుండానే ఇస్తాడు. వాడే చూసుకుంటాడు, మామ అంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది.

దుకాణం మూసి పని పట్టాడు. అంత మందం తగ్గించడం మాటలు కాదు. కత్తి వేడెక్కినప్పుడల్లా ఆపి, నీళ్లు పోసి, మళ్లీ పట్టాడు. నడుం పట్టేసింది. తోలు మీద నునుపు చేసి గోటి మీద ఆనిస్తే కత్తి అక్కడే నిలిచిపోయింది. తన జన్మలో అలాంటి పదును పట్టలేదు. "ఇదిగో, ఇప్పుడు నువ్వు కత్తివి" అన్నాడు దానితో.

ఆదివారం చొక్కా వేసుకుని, దుప్పటి మూట చంకలో పెట్టుకుని వెళ్లాడు. కూతురు తలుపు తీసి, ఆయన నోటి వంకే చూసింది. ఆయన పెదాలు బిగించి, మూట అల్లుడి చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క ముక్క మాట్లాడలేదు. కూతురి ముఖంలో నవ్వు వచ్చింది. అది చూసి మేస్త్రికి కడుపు నిండిపోయింది.

అల్లుడు దుప్పటి విప్పాడు. పిడి ఊపి చూశాడు, కదల్లేదు. "అబ్బ, ఎంత గట్టిగా బిగించారండీ!" అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. మురిసిపోయి, ఎడమచేయి పైకెత్తి అంచును గుప్పిట్లో బిగించాడు.

మేస్త్రి లేచాడు. మాట్లాడకూడదన్నది ఇంకా నాలుక మీదే ఉంది. "ఆగు" అనేసరికి అల్లుడు సర్రున లాగేశాడు.

ఆస్పత్రిలో రెండు వేళ్ల నరాలు తెగాయన్నారు. కుట్టామన్నారు. వంగుతాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. వసారాలో బల్ల మీద కూతురు కూర్చుంది, చీర కొంగంతా రక్తం. మేస్త్రి ఎదురుగా నిలబడ్డాడు.

"అసలు ఎవడైనా కత్తిని అలా పట్టుకుంటాడా?" అన్నాడు చివరికి. అలవాటైన నోరు కదా, అదే వచ్చింది.

కూతురు తల ఎత్తింది. "ఎందుకలా పట్టుకుంటారో తెలుసా నీకు?"

తెలియదు.

"ఆ కథలో అతను మహా కోపిష్టి. ఎవరినీ లెక్కచేసేవాడు కాదు. ఒకరోజు కోపంలో సొంత తమ్ముణ్ణి నరికేశాడు. ఆ రోజే కత్తి అంచు తనే అరగదీసుకున్నాడు. తర్వాత ఎవరు ఎదురొచ్చినా ముందు ఆ కత్తిని గుప్పిట్లోంచి లాగి చేయి చూపిస్తాడు. ఇది కోయదు, భయపడకు, కూర్చుని మాట్లాడుకుందాం అని. ఆయనకి నచ్చింది అది, నాన్నా. కత్తి కాదు. నీకెన్నిసార్లు చెప్పబోయారు?"

మేస్త్రికి లెక్క తెలియదు. ప్రతిసారీ కంచం జరిపాడు, అది మాత్రం గుర్తుంది. ఛీ, ఒక్కసారి విని ఉంటే సరిపోయేది. వెధవ బతుకు, ఒక్క పూట చెవి ఒగ్గితే ఏం పోయింది?

లోపలికి వెళ్లొచ్చన్నారు. అల్లుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు, ఎడమచేయి కట్టుతో బంతిలా ఉంది. ముఖం పాలిపోయింది. మామగారిని చూసి లేవబోయాడు.

"రండి మామగారూ. నేను కూడా చూసుకోవాల్సింది." ఆగి, కట్టు కేసి చూసుకున్నాడు. "ఏం పదునండీ అది! తగిలినట్టే తెలియలేదు. రక్తం చూశాకే తెలిసింది. ఇంత పని మీ చేతిలో ఉందని నాకు ఇన్నాళ్లూ తెలియదు."

మేస్త్రి ఆ ముఖమంతా వెతికాడు. ఎక్కడైనా కాస్త వెటకారం ఉంటే బతికిపోయేవాడు, తిరిగి ఒక మాట అనేవాడు. ఆ వెర్రిబాగులవాడి ముఖంలో మెచ్చుకోలు తప్ప ఏమీ లేదు.

వెనకనుంచి కూతురు వచ్చి గది తలుపు తీసి పట్టుకుంది.

"పొగిడారుగా, విన్నావుగా. ఇక వెళ్లు నాన్నా."