తువ్వాలు వేసిన సీటు

మొన్న విజయవాడలో బస్సెక్కుతుంటే పిన్ని మళ్లీ అదే పని చేసింది. టిక్కెట్లు నా ఫోనులో ఉన్నాయి, టిక్కెట్ల మీద సీటు నంబర్లున్నాయి, బస్సులో డ్రైవరు తప్ప ఇంకా ఎవరూ లేరు. అయినా ఆవిడ మెట్టు ఎక్కీ ఎక్కకుండానే భుజం మీది తువ్వాలు తీసి మా సీటు మీదికి విసిరింది. సరిగ్గా నడుమ పడింది. "నంబరుంది కదా పిన్నీ, మన సీటు ఎవరెత్తుకుపోతారు?" అన్నాను. "నంబరుకేటి తెలుస్తాదే? దాన్ని ఎవుడైనా తంతే తిరిగి తంతాదేటి?" అంది. డ్రైవరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ అలవాటు వెనక ఎంత నెత్తురుందో మా ఇద్దరికే తెలుసు.

అప్పట్లో మా శ్రీకాకుళం నుంచి దూరాలు పోవాలంటే మాలాంటివాళ్లకి ఒకటే పద్ధతి. ఒకే బస్సులో విజయవాడ దాకా కాళ్లు చాపుకుని పోయే స్తోమత లేదు కాబట్టి, ఆర్డినరీ బస్సులు పట్టుకుని ముక్కలు ముక్కలుగా పోవడం. విశాఖ దాకా ఒకటి, తుని దాకా ఒకటి, రాజమండ్రి దాకా ఇంకోటి. సంచిలో పులిహోర, ఎండుచేపల వేపుడు, కొళాయి నీళ్లు పట్టిన సీసా. హోటలు దగ్గర బస్సాగితే దిగి, వాసన మాత్రం కడుపునిండా పీల్చుకుని మళ్లీ ఎక్కేవాళ్లం. ఇదంతా బాగానే ఉండేది గానీ, ప్రతి స్టాండులోనూ యుద్ధం చెయ్యాలి. బస్సు ఇంకా మలుపు తిరుగుతుండగానే జనం దాని మీద పడేవారు. మోచేతులతో పొడుచుకోవడం, గోళ్లతో రక్కుకోవడం, జాకెట్లు చిరగడం మామూలు. చెవి తెగి నెత్తురు కారుతున్నా, సీటు దొరికిందని నవ్వుతూ కూర్చున్న ఆడమనిషిని నేను కళ్లారా చూశాను. అంత అధర్మ యుద్ధంలోనూ ఒక ధర్మం ఉండేది. కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు వేసినవాడిది. అతగాడు కిందకి దిగి టీ తాగి, బీడీ కాల్చి, తీరిగ్గా వచ్చినా సరే. నడుం పట్టేసిన ముసలమ్మ కూడా కడ్డీ పట్టుకుని నిలబడేదే తప్ప తువ్వాలు తీసి కూర్చునేది కాదు. మా అమ్మమ్మగారిది సముద్రం మీద బతికే ఇల్లు. తాతయ్య వల విసిరినట్టే పిన్ని తువ్వాలు విసిరేది, గురి తప్పేది కాదు.

గురి తప్పింది పెళ్లి విషయంలోనే. బాబాయి ఆమదాలవలసలో బియ్యం మూటలు మోసే కళాసీ. పగలంతా మూటల మీద చూపించిన బలంలో మిగిలింది ఇంటికొచ్చి పిన్ని మీద చూపించేవాడు. తాగితే కొట్టేవాడు, తాగడానికి లేకపోయినా కొట్టేవాడు. కూరలో ఉప్పు తక్కువైతే ఒకలా, ఎక్కువైతే ఇంకోలా. ఒకసారి జబ్బ విరగ్గొట్టాడు. ఆఖరిసారి కత్తిపీట ఎత్తాడు. ఇరుగుపొరుగు వాళ్లు అరుపులు విని చప్పుడు కాకుండా తలుపులు వేసుకున్నారు. మొగుడూ పెళ్లాల మధ్యకి వెళ్లకూడదన్నది మావైపు చాలా పెద్ద మర్యాద. ఇంకోసారి దొరికితే ప్రాణం తీస్తాడని పిన్నికీ నాకూ అనుమానం లేదు. అప్పటికి నేను విజయవాడలో ఒక బట్టల కొట్లో పని చేస్తున్నాను. అక్కడో హాస్టల్లో వంటపని మాట్లాడి, ఆవిణ్ణి తీసుకుపోదామని వచ్చాను. రైలైతే చవక, సుఖం కూడా. కానీ స్టేషనున్నది ఆమదాలవలసలోనే. అక్కడ మూటలు మోసే ప్రతివాడూ బాబాయికి బావో మావో అవుతాడు. అందుకే బస్సు.

ఆ రోజు ఆదివారం. శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో మేమెక్కిన విశాఖ బస్సు నిండా అరసవల్లి సూర్యదేవుడి గుళ్లో మొక్కు తీర్చుకుని వస్తున్న ఒకే చుట్టాల గుంపు. మగవాళ్లందరివీ కొత్తగా గీసిన గుండ్లు, వాటి మీద గంధం. ఆడవాళ్ల ఒళ్లో ప్రసాదం పొట్లాలు. బస్సంతా గుడిలా ఉంది. పిన్ని తువ్వాలు పుణ్యమా అని ముగ్గురు కూర్చునే సీట్లో కిటికీ పక్కన ఆవిడా, నడుమ నేనూ కూర్చున్నాం. చివరి చోటులో అప్పటికే ఒక ఎర్రగళ్ల తువ్వాలుంది. దాని సొంతదారు ఆ గుంపుకి పెద్ద, తలుపంత మనిషి. మేం చూస్తుండగానే టీ తాగడానికి దిగాడు. కండక్టరూ డ్రైవరూ కూడా ఇంకా రాలేదు.

బాబాయి వచ్చాడు. ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. "దిగే! ఎవుడి కోసం ఎల్తన్నావే?" అంటూ నా మీదుగా వంగి, పిన్ని జుట్టు చేతికి చుట్టుకుని గుంజాడు. ఆవిడ ముందుసీటు కడ్డీని రెండు చేతులతోనూ కరుచుకుపోయింది. పిడికిలితో మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు నా ఒళ్లో పడింది. కడ్డీ మీదున్న వేళ్లని ఒక్కొక్కటే వెనక్కి విరుస్తున్నాడు. నేను అతని మణికట్టు కొరికాను. చెంప మీద కొట్టిన దెబ్బకి నా చెవిలో ఈల మోగింది. "ఎవరైనా రండి, చంపేస్తున్నాడు" అని అరిచాను. ఒక్కరూ లేవలేదు. వెనక నుంచి ఎవరో "మొగుడూ పెళ్లాలురా, మనకేటి" అన్నారు. పక్క వరసలో ఒకావిడ పిల్ల కళ్లకి చెయ్యి అడ్డం పెట్టింది. మాకు అందిన సాయం అంతే.

అప్పుడు పిన్ని కడ్డీ వదిలేసింది. "దిగుతాను. కొట్టకు. సంచి సీటు కింద ఉన్నాది, తీసుకుంటాను. అందాకా కూకో" అంది, ఇంటికొచ్చిన మనిషికి పీట వేసినంత శాంతంగా. నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్ని తన్నులు తిన్నా బుద్ధి రాలేదు, వాడికి కూర్చోమని మర్యాదలు కూడానా అనుకున్నాను. బాబాయి ఒగరుస్తూ ఆ ఎర్రగళ్ల తువ్వాలు లాగి కింద పారేసి, దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు.

నములుతున్న నోళ్లు ఆగిపోయాయి. "ఒరే, తువ్వాలు తీసేసినాడ్రోయ్!" అని కేక పడింది. ఇందాక మనకేటి అన్న గొంతే అది. టీ గ్లాసు పారేసి తలుపంత మనిషి బస్సెక్కాడు. కింద నలిగిన తువ్వాలు చూశాడు. "లెగు" అన్నాడు. "ఏటి, బస్సు నీ బాబు కొన్నాడేటి?" అన్నాడు బాబాయి. ఆ మాట పూర్తయిందో లేదో, అతని ముక్కు పక్కకి తిరిగిపోయింది. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. గుండ్లన్నీ ఒక్కసారి లేచాయి. చొక్కా చిరిగింది, ఒక పన్ను ఎగిరి నా చెప్పు పక్కన పడింది. ఇందాక పిల్ల కళ్లు మూసిన ఆవిడ ఇత్తడి చెంబు పెట్టి వీపు మీద మోదింది. "అది నా పెళ్లామురా!" అని బాబాయి ఏడుస్తూ అరిచాడు. "పెళ్లాం నీదేరా. సీటు నీదేటి?" అని అడిగి మరీ తన్నారు. మెట్ల మీంచి కిందకి విసిరేస్తే తల అంచుకి తగిలి మట్టిలో బోర్లా పడ్డాడు. నాకు సంతోషం వేసింది. దాచుకోవడం ఎందుకు, ఇంకా కొడితే బాగుండుననే అనుకున్నాను.

బస్సు కదిలాక ఆ పెద్దమనిషి తువ్వాలు దులుపుకుని, నా పక్కన కూర్చుని, పిన్ని వైపు ప్రసాదం పొట్లం చాపాడు. "ఎవుడమ్మా ఆడు?" అని అడిగాడు. పిన్ని చెంగుతో మూతి నెత్తురు తుడుచుకుని, "నాకు తెల్దు బాబూ" అంది. విశాఖలోనూ, తునిలోనూ, రాజమండ్రిలోనూ ఆ ఉబ్బిన మూతితోనే, వాచిన వేళ్లతోనే తువ్వాలు విసిరి మాకు సీట్లు పట్టింది. బాబాయి మళ్లీ వెతుక్కుంటూ రాలేదు. పళ్లతో పాటు పౌరుషం కూడా ఊడిందేమో మరి. పిన్ని ఇప్పుడు అదే హాస్టలు వంటింటికి పెద్ద.

ఇవన్నీ తలచుకుంటూ మొన్న బస్సులో అన్నాను: "ఆ రోజు ఆ తువ్వాలు అక్కడ లేకపోతే ఏమయ్యేవాళ్లమో పిన్నీ. ఆ సూర్యనారాయణమూర్తే వేయించాడు." "ఏయించింది దేవుడో ఎవుడో నాకు తెల్దు. కూకోమన్నది మాత్రం నానే" అంది పిన్ని. "సుట్టూ సూసినానే. నన్ను సంపేసినా ఆ బస్సులో ఒక్కడు లెగడు. తువ్వాలు తీస్తే అందరూ లెగుస్తారు. అందుకే ఆణ్ణి అక్కడ కూకోబెట్టినాను."

మా చుట్టూ సీట్లు నిండాయి. ఎవరి నంబరు చూసుకుని వాళ్లు వచ్చి కూర్చున్నారు, ఎవరి ఫోను వాళ్లు తీసుకున్నారు. గోళ్లు లేవు, తోపులాట లేదు, చెవులు తెగడం లేదు. బాగుపడ్డామనే అనుకోవాలి. పిన్ని తన తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. కాలం సీట్ల మీంచి తువ్వాళ్లన్నీ తీసేసింది. ఇవాళ ఈ బస్సులోకి ఎవడైనా వచ్చి ఒక ఆడదాని జుట్టు పట్టుకుంటే, ఇక వాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలి?