విరిగిన వేలు

శకుంతల డాక్టరమ్మ కుడిచేతి చూపుడువేలు వంకర. సుబేదారిలోని ఒక దవాఖానలో మత్తు ఇవ్వడం ఆమె పని. కండరాలను సడలించే మందు ఎక్కించగానే ఎంతటి మనిషైనా తడిగుడ్డలా వాలిపోతాడు. ఊపిరి తీసే కండరాలూ ఆగిపోతాయి. అప్పటి నుంచి రబ్బరు సంచి పిసుకుతూ అతని ఊపిరి ఆమే ఆడిస్తుంది. ఆపరేషన్ ముగిశాక విరుగుడు సూది వేసి, తన రెండు వేళ్లు అతని పిడికిట్లో పెడుతుంది. బలం కొలిచే యంత్రం ఆ దవాఖానకు ఇంకా రాలేదు. పట్టు మెత్తగా ఉంటే మళ్లీ సంచి పిసుకుతూ కూర్చుంటుంది. గట్టిగా ఉంటేనే గొంతులోని గొట్టం తీస్తుంది.

డెబ్బై ఎనిమిదిలో వర్ధన్నపేట నుంచి మొగిలిని తెచ్చారు. పొలం గెట్టు తగాదాలో సొంత తమ్ముడే గొడ్డలితో అతని కడుపు చీల్చాడు. కుట్లు పడ్డాక, "నా వేళ్లు గట్టిగ పట్టుకో మొగిలన్నా" అన్నదామె. సగం తెలివిలో ఉన్న మొగిలికి ఆ గెట్టు మీద కొట్లాట ఇంకా ఆగలేదు. వేళ్లు దొరకబట్టి మెలితిప్పాడు. ఎముక పటుక్కుమంది. వార్డుబాయ్ కొమురయ్య అతని చెంప మీదికి చెయ్యెత్తాడు.

"కొట్టకు కొమురయ్యా. తల లేపుతడా, చూడు. లేపి నిలిపితే బలమొచ్చినట్టే."

గొట్టాన్ని కొరుకుతూ మొగిలి తల లేపాడు, దించలేదు. అప్పుడామె ఎడమచేత్తో గొట్టం లాగింది.

"సంపుత వాణ్ని" అన్నాడు మొగిలి బొంగురుగా.

"ఇగ ఫికర్ లేదు" అన్నదామె.

వేలి కట్టు విప్పిన రోజే ఇంకొకరి పిడికిట్లో మళ్లీ అదే చెయ్యి పెట్టింది.

"జర ఎడమచెయ్యి పెట్టుండ్రి మేడమ్" అన్నాడు కొమురయ్య.

"గట్టి పట్టంటే దానికేం తెలుసు? విరిగింది ఇది గద."