పంపానని చెప్పిన ఉత్తరం

మా మేడం పోయారని మంగళవారం లంచ్ వేళ ఆవిడ భర్త, అంకుల్, ఫోన్ చేశారు. నేను డ్యూటీ టీచర్ల పసుపు జాకెట్ వేసుకుని స్కూల్ గ్రౌండ్‌లో పిల్లలు కొట్టుకోకుండా కాపలా కాస్తున్నాను. "పొద్దున ఆస్పత్రిలో వెళ్లిపోయిందమ్మా" అన్నారాయన. గంట మోగింది. పిల్లల్ని లోపలికి పంపి నేను అక్కడే ఉండిపోయాను.

ఇక్కడ ఆస్ట్రేలియాలో, మాసన్ లేక్స్‌లోని యూనిలో, అంటే యూనివర్సిటీలో, ఆవిడ నా పరిశోధనకు గైడ్. తెనాలి దగ్గర పుట్టి, ఎన్నో ఏళ్లుగా అడిలైడ్‌లో కాబోయే టీచర్లకు పాఠాలు చెప్పిన మనిషి. ఇంట్లో ఆంటీ, యూనిలో మేడం. అలవాటుగా యూనిలో ఆంటీ అన్నానో, ఆ రోజు నా థీసిస్ చాప్టర్‌కి మూడినట్టే. ఇంటికి వెళ్లేటప్పుడు మాత్రం ఐస్‌క్రీమ్ డబ్బా నిండా పులిహోర చేతిలో పెట్టేవారు.

పిల్లలకు ప్రపంచ పౌరసత్వం నేర్పడం గురించి టీచర్లు ఏమనుకుంటారన్నది మా పరిశోధన. ఇక్కడి బళ్లలో కొందరిని, పల్నాడు పల్లెల్లో కొందరిని కలిశాం. వాళ్లతో కూర్చుని టీ తాగనిదే మేడం నన్ను రికార్డర్ తియ్యనిచ్చేవారు కాదు. "అది పెట్టగానే టీచర్ మాట్లాడతాడమ్మా. మనకి మనిషి కావాలి" అనేవారు. ఇక్కడి టీచర్లకు ప్రపంచం సాయం చెయ్యాల్సిన చోటు, అక్కడివాళ్లకు పిల్లల్ని పంపాల్సిన చోటు అని తేలింది. అది తేలిన రోజు ఆవిడ సంతోషించలేదు.

పల్నాడులో ఒక సోషల్ మాస్టారు, మా ప్రశ్నలన్నీ అయ్యాక, తనూ ఒకటి అడిగారు. "అక్కడి పిల్లలకి మా గురించి ఏం చెబుతారమ్మా? పేదోళ్లమనేనా?" అది మా జవాబుల పట్టికలో ఎక్కడా ఇమడలేదు. ఆయన మాటలన్నీ కాగితం మీద పెట్టేటప్పుడు నేను కొట్టేశాను. మేడం రికార్డింగ్ మళ్లీ విని నన్ను పిలిచారు.

"మనం అడిగినవాటన్నిటికీ ఆయన చెప్పాడు. ఆయన అడిగింది ఒక్కటి. అది తీసేస్తావా?"

ఆ ప్రశ్నను ఇక్కడి టీచర్లందరి ముందూ పెట్టించారు. కొందరు తడబడ్డారు. ఒకావిడ, చెప్పుల్లేని పిల్లల ఫొటోలు చూపించి చందా పోగు చేయిస్తామని చెప్పి, తలదించుకుంది. ఇవన్నీ తెలుగులో రాసి మాస్టారికి పోస్టు చెయ్యడం నా వంతు. విన్నది తిరిగి చెప్పకపోతే అది దొంగతనమే అనేవారావిడ.

నేను రాయలేదు. ఆ పెద్దాయనకు ఆ ఫొటోల మాట ఏ మొహంతో రాయాలో తెలియలేదు. ఈలోగా డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. పంపావా అని అడిగితే పంపానండి అన్నాను. కలిసినప్పుడల్లా, మాస్టారేమన్నా రాశారా అని అడిగేవారు. ఇంకా లేదండి అనేదాన్ని. కొన్నాళ్లకు అడగడం మానేశారు. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు ప్రాణం తేలికైంది. సిగ్గుపడుతూనే ఈ మాట రాస్తున్నాను.

అంత్యక్రియలయ్యాక అంకుల్ ఒక ఫోల్డర్ ఇచ్చారు. నాకిమ్మని చెప్పిందట. అందులో ఒకే కాగితం, మేడంవే వణికిన అక్షరాలు.

"మాస్టారికి నమస్కారం. మా అమ్మాయికి పని ఎక్కువై ఆలస్యమైంది, మన్నించండి. మీరడిగినదానికి ఇక్కడి టీచర్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మా పిల్లలకు మీ గురించి"

ఆ కింద పేజీ అంతా ఖాళీగా ఉంది.