స్లాబు మీద మూడు గదులు

నాకు తెలిసిన లెక్క ఒకటే: మిరుగం నుంచి మిరుగం దాకా. పొలం కౌలుకిచ్చినా అంతే, జీతగాణ్ణి పెట్టుకున్నా అంతే. తొంభైల్లో బాన్సువాడలో బర్ల కొట్టం పీకించి, చదువుకునే పిల్లలకోసం ఐదు గదులు కట్టించినప్పుడు వాటిని కూడా అదే లెక్కన కిరాయికిచ్చాను. నా అదృష్టం కొద్దీ కాలేజీలు కూడా ఆ మృగశిర కార్తెలోనే తెరుస్తారు. తొలి వాన పడగానే పిల్లలు పిట్లం బస్సూ జుక్కల్ బస్సూ దిగి, బియ్యం మూటలూ కిరసనాయిలు స్టవ్వులూ మోసుకుంటూ మా అరుగు ముందుకి వచ్చి నిలబడేవాళ్లు. నేను వాళ్లను ఎగాదిగా చూసేవాణ్ణి. ఎడ్ల అంగట్లో చూసినట్టే, పళ్లు మాత్రం చూడలేదు.

"ఏ ఊరు? ఎవ్వల కొడుకువు? ఎన్నెకరాలున్నది?"

"చదువుకోనీకి ఎకరాలెందుకు బాపూ?" అన్నాడొకడు.

వాడికి గది ఇవ్వలేదు. వాడికేం, పక్క వీధిలో కిటికీ ఉన్న గది దొరికింది. మా గదులకు కిటికీలు లేవు. కిటికీ పెడితే చదివేవాడు బయటికి చూస్తాడని నేనే వద్దన్నాను. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. అయినా చదివేవాడు ఎటు చూస్తాడో మాత్రం నాకు బాగా తెలుసు.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. సర్కారు పెట్టిన పెద్దల బడిలో పలక పట్టాను. కొత్తగా సైకిలు నేర్చినవాడు ఊరంతా తిరిగినట్టు, కనిపించిన బోర్డునల్లా పైకి చదివేవాణ్ణి. బస్సులో పక్కవాడి చేతిలో పేపరుంటే వాడికే చదివి వినిపించేవాణ్ణి. ఇంత చదువుకున్న మనిషి ఆ తర్వాత కట్టే గదుల్లో పొరపాటు చేస్తాడా?

కొట్టం పీకడం మా ఇంటామెకు మొదటి నుంచీ ఇష్టం లేదు.

"బర్లనమ్మి పోరగాండ్లను కట్టేస్తవా?" అన్నది.

గదులన్నీ నిండాక ఒకరోజు నేను మీసం తిప్పి అడిగాను. "రెండు బర్లు పోయినయ్, పదిమంది పోరగాండ్లు వచ్చిన్రు. ఏది నయం?"

"బర్లు పాలిచ్చేటివి," అన్నది.

అయినా ఆ నాలుగైదేళ్లూ గెలుపు నాదే. ఒక గదిలో పప్పు మాడితే ఐదు గదులూ దగ్గేవి. పరీక్షలప్పుడు అందరూ ఒకేసారి పైకి చదువుతుంటే ఇల్లంతా జాతర లాగుండేది. నేను ఊళ్లో పెద్ద మనిషినైపోయాననుకున్నాను. నిజానికి నా పని కుళాయి కట్టేయమని అరవడమే.

ఆ తర్వాత మా ఊరి కాలేజీలోకి దూరవిద్య కేంద్రం వచ్చింది. విశ్వవిద్యాలయం వాళ్లు పుస్తకాలు ఇంటికే పంపిస్తారట, ఆదివారం ఆదివారం క్లాసులు చెబుతారట. వందలమంది పేర్లు రాయించుకుంటున్నారని కాలేజీ ముందు చాయ్ హోటలతను చెప్పాడు. ఆ మాట నా చెవికి కాలువకు నీళ్లు వదిలారన్నట్టు వినిపించింది. నారు ఎంత పోస్తే నాటు అంత పడుతుంది. వందలమంది చేరితే అందులో పదిమందన్నా గదులు అడగరా? స్లాబు మీద ఇంకో మూడు గదులు మొదలుపెట్టాను.

"వాళ్లు ఆదివారం ఒక్కనాడే వస్తరంట గద?" అన్నది ఇంటామె.

"మనిషన్నంక ఏడనో ఒక కాడ పండాలె."

"వాళ్లింట్ల వాళ్లు పండుతరు."

ఆమె చెప్పింది ముమ్మాటికీ నిజం. కానీ అప్పటికే ఇనుప సలాకలు దిగాయి, కంకర దిగింది. కంకర దిగాక పెళ్లాం మాట వినే మొగవాడు మా వీధిలో పుట్టలేదు. పుట్టి ఉంటే మా వీధిలో సగం మేడలు లేచేవి కావు.

మిరుగం వచ్చింది. స్లాబు మీది గదులకు కొత్త సున్నం, కొత్త తాళాలు. ఎవరూ రాలేదు. ఆదివారం నేనే కాలేజీ గేటు దగ్గరికి పోయి నిలబడ్డాను. బస్సుల్లోంచి దిగుతున్నవాళ్లు నేను ఎరిగిన రకం విద్యార్థులు కారు. కండక్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు, చంకలో పిల్లలతో ఆడవాళ్లు, నా ఈడుకు కొంచెం తక్కువ ఉన్న రైతులు. వర్ని వైపు నుంచి స్కూటరు మీద వచ్చిన ఒకాయనను ఆపాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం, మాటలోనే తెలుస్తుంది.

"గది గావాల్నా? కొత్తగ కట్టినం."

ఆయన మర్యాదగా నవ్వాడు. "నాట్లు వదిలేసి రాలేకే కదండీ ఇందులో చేరింది. గది తీసుకుని ఉండగలిగితే మామూలు కాలేజీకే పోయేవాణ్ణి కదా."

చిన్నపిల్లాడికి కూడా తట్టే మాట. నాకు తట్టడానికి మూడు గదుల ఇటుక ఖర్చయింది.

రెండువేల సంవత్సరం దాటాక కింది గదులు కూడా పలచబడ్డాయి. ఒకడు పట్నం పోయాడు, ఇంకొకడు దుకాణం పెట్టుకుని దూరవిద్యలో చేరాడు. చివరికి జుక్కల్ నుంచి వచ్చిన ఒక్క డిగ్రీ పిల్లవాడు మిగిలాడు. వాణ్ణి నేను కోడిపిల్లను గంప కింద దాచినట్టు కాపాడుకున్నాను. కుళాయి రోజంతా తిప్పుకున్నా ఏమీ అనలేదు. ఒకరోజు వాడు స్టవ్వు తుడిచి గోనెసంచిలో పెడుతున్నాడు.

"ఏంది, సర్దుతున్నవ్?"

"నేను గూడ దూరవిద్యల వేసిన బాపూ. సగం పాఠాలు కంప్యూటర్లనే వస్తున్నయిప్పుడు. మా నాయినకు శాతనైతలేదు. ఊర్లుండి పొలం చూస్కుంట సదువుకుంట."

"కంప్యూటర్ల పాఠమేంది? సూపియ్యి నాకు."

నా గదులను ఖాళీ చేయిస్తున్నదెవరో చూడాలి కదా. బస్టాండు దగ్గర నెట్ సెంటరుకు తీసుకుపోయాడు. పరదాలు కట్టిన చిన్న చిన్న అరలు. నా గదులకే కిటికీలు లేవని వంక పెట్టారు గానీ అక్కడ గాలి కూడా కిరాయికి తెచ్చుకోవాల్సినట్టుంది. తెర మీద అగ్గిపెట్టెంత సారు కనిపించాడు. రెండు మాటలు చెప్పి, చెయ్యి పైకెత్తి, అట్లాగే ఆగిపోయాడు.

"ఏమైంది?"

"నెట్టు ఆగింది బాపూ. వస్తది."

"మా ఆఖరి మడికి కాలువ నీళ్లు గూడ ఇంతకన్న నయంగ వస్తయి గదరా."

సారు మళ్లీ కదిలాడు. నేను తెర దగ్గరికి వంగాను.

"నువ్వు ఈడ కూసున్నవని గా సారుకు తెలుసా?"

"తెల్వదు."

"రాకపోతే?"

"రాలేదని గూడ తెల్వదు."

"మరెందుకొస్తున్నవ్?"

"పాస్ గావాలె గద బాపూ," అన్నాడు వాడు, ఇంత పెద్ద మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

ఇంటికి తిరిగొస్తుంటే నాకు కోపం రాలేదు. ఆ సారుకు గోడ లేదు, స్లాబు లేదు, ఏటా సున్నం లేదు. అట్లాంటి వాడితో నేనేం పోటీ పడతాను? మరుసటి రోజు జుక్కల్ బస్సుకు వాడి గోనెసంచి నేనే ఎక్కించాను.

ఇంటామె ఏదన్నా అంటుందని చూశాను. అనలేదు. అదే నాకు ఎక్కువైంది. కిరాయి మీద ఆశ ఆ రోజుతో పోయింది. కానీ ఆ మీది మూడు గదులు ఎవరికో ఒకరికి నిజంగా కావాలి, ఆమె కళ్లముందే కావాలి. లేకుంటే నా జన్మకు నేను కట్టిన ఒకే ఒక్క మేడ పావురాల పాలైందన్న మాట ఖాయం. తిండి దగ్గర కూర్చున్నా నాకు పైనుంచి ఆ పావురాల చప్పుడే వినిపించేది.

ఆఖరికి ఒక ఆదివారం వర్ని పోయాను, వడ్ల సేటు ఒకాయనను గదులు గోదాముగా పెట్టుకుంటాడా అని అడగడానికి. ఆయన మెట్లెంత వెడల్పని అడిగాడు. చెప్పాను. బస్తా మోసేవాడు మలుపు తిరగలేడన్నాడు. గోదాముకు కూడా పనికిరాకుండా కట్టడం అందరికీ చాతకాదు.

ఇంటికొచ్చేసరికి మెట్ల కింద చెప్పులు. ఒక జత కాదు, ఒక కుప్ప. పైకి పోయి చూస్తే మూడు గదులూ తెరిచి ఉన్నాయి. ఒకదాంట్లో చీరతో కట్టిన ఉయ్యాల, అందులో పసిపాప. ఇంకోదాంట్లో నలుగురు ఆడవాళ్లు డబ్బాలు ముందు పెట్టుకుని తింటూ, మధ్యలో పుస్తకం తెరిచి ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నన్ను చూసి ఒకామె వేలు పెదవుల మీద పెట్టుకుంది, పాప పడుకుందని. నా మేడ మీద నేనే మునివేళ్ల మీద వెనక్కి నడిచాను.

"ఏందిది?" అని కిందికొచ్చి అడిగాను.

"ఎవ్వలో పిట్లం పిల్ల నీళ్లకోసం వచ్చింది," అన్నది ఇంటామె. "చంకల బిడ్డ. మల్ల మధ్యాహ్నం క్లాసున్నదంట. కాలేజీ వరండాల ఎండ. మీద ఖాళీగున్నయ్ గద, పొమ్మన్న. మిగిలినోళ్లు ఆమె వెనక వచ్చిన్రు."

"ఎంతకు మాట్లాడినవ్?"

"దేనికి? కూసున్నందుకా?"

"ఏడాదికి మాట్లాడాలె గద. మిరుగం సంది..."

"ఆదివారానికి ఏ కార్తె ఉన్నది? సప్పుడు జెయ్యక పొయ్యి బిందె నింపుకరా."

నింపుకొచ్చాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం నింపాను. పైకి మాత్రం గొణుగుతూనే నింపాను, మర్యాద పోకుండా. పొద్దున వచ్చేవాళ్లు, సాయంత్రం బస్సుకు పోయేవాళ్లు. పాత పిల్లల్లాగా వాళ్లు నన్ను చూసి లేచి నిలబడేవాళ్లు కారు. "బాపూ, జర జరుగు" అనేవాళ్లు. నేను జరిగేవాణ్ణి.

అట్లా ఒక ఏడాది నడిచింది. తర్వాత ఒక ఆదివారం పిట్లం అమ్మాయి పోతూ పోతూ చెప్పింది. "ఇగ క్లాసులు లేవంట అవ్వా. అన్నీ కంప్యూటర్లనే పెడ్తరంట. పరీక్షలకే రమ్మన్నరు."

ఇంటామె తల ఊపింది. ఆ అమ్మాయి పాప చేతిలో అరటిపండు పెట్టి బస్సుకు పంపింది.

మళ్లీ ఆదివారం వచ్చింది. ఇంటామె పొద్దున్నే మీది గదులు ఊడ్చి, చాపలు పరిచి దిగింది.

"క్లాసులు లేవన్నది గద," అన్నాను.

"దుమ్మున్నది, ఊడ్చిన."

"చాపలెందుకు?"

ఆమె చీపురు మూలన పెట్టింది. నేను కూడా అప్పటికే బిందె నింపి పైన పెట్టొచ్చాను, కాబట్టి ఎక్కువ అడిగే మొహం లేదు. పిట్లం బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, పోయింది. మెట్ల కింద చెప్పుల్లేవు. ఇంటామె బియ్యం చాటలో పోసుకుని, ఉన్న రాళ్లకంటే ఎక్కువ ఏరుతోంది. ఇగ ఎవరూ రారు అని నేనే పైకి అనేస్తే ఆమెకు సులువవుతుందని అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి పిట్లం అమ్మాయి వచ్చింది. ఒక్కతే. చంకలో పాప, భుజాన సంచి.

"క్లాసు లేదు గద బిడ్డా?" అన్నాను.

"లేదు బాపూ."

"మరేందీ, మర్చిపోయినవా?"

"మర్వలేదు." ఆమె మా ఇంటామె వైపు తిరిగి చెప్పింది. "పాఠం కంప్యూటర్ల వస్తది. పుస్తకం ఇంట్లనే ఉన్నది. నేను కూసునుడే లేదవ్వా. పుస్తకం తీస్తే బర్రె అరుస్తది, పుస్తకం తీస్తే ఎవ్వలో ఒకలు వస్తరు. ఆదివారం క్లాసని చెప్పి వచ్చిన. లేదని మా అత్తకు తెల్వదు."

ఇంటామె చాట పక్కన పెట్టి పాపను అందుకుంది. "పొయ్యి సదువుకో," అన్నది.

ఆ అమ్మాయి పైకి పోయింది. కాసేపటికి లోపలినుంచి గడియ పెట్టుకున్న చప్పుడు వినిపించింది. నేను లేచాను.

"యాడికి?" అన్నది ఇంటామె.

"ఏమన్న గావాల్నేమో అడుగుదమని."

"ఏమొద్దు. తలుపు పెట్టుకున్నది గద."

కూర్చున్నాను. ఇంటామె ఒళ్లోంచి పాప నా మీసం పట్టుకుని లాగింది. నేను నొప్పికి అరవబోతే ఇంటామె పైకి చూపించి, చేతితో నా నోరు మూసింది.